ఐదు బెర్యోజోవ్కాలు, ఒక వంతెన

మా బెర్యోజోవ్కా గ్రామానికి మంజూరైన వంతెన నిర్మాణం గడువుకు ముందే పూర్తయిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. పొడవు, వెడల్పు, రంగు అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి. రెండువైపులా ఇనుప కటకటాలు, చీకట్లో వెలిగే దీపాలు, మంచులో కాలు జారకుండా గరుకు పలకలు, దేనికీ వంక పెట్టడానికి లేదు. మా ఊళ్ళో లేదన్న ఒక్క సంగతి పక్కన పెడితే అది అన్నివిధాలా మా వంతెనే.

ఇది వినగానే ఎవరో మేసేశారని అనుకునే తొందరపాటు మనుషులు ఉంటారు. అలాంటిదేమీ జరగలేదు. ఒక్క మేకు కూడా పక్కదారి పట్టలేదు. అన్ని మేకులూ కలిసి, బారులు తీరి, జిల్లా అధికారుల సమక్షంలో పక్క ఊరికి వెళ్ళాయి.

మా జిల్లాలో బెర్యోజోవ్కాలు ఐదు. మా పూర్వీకులు ఎక్కడెక్కడి నుంచో బళ్ళు కట్టుకుని వచ్చి, అలసిపోయి దిగి, తలెత్తి చూస్తే ఎదురుగా బెర్యోజా, అంటే తెల్ల బెరడు భూర్జ చెట్టు కనబడింది. వెంటనే ఊరికి బెర్యోజోవ్కా అని పేరు పెట్టేసి నిద్రపోయారు. మా దేశంలో తలెత్తితే భూర్జ చెట్టు కనబడని చోటు వెతకాలంటే సముద్రంలోకి దిగాలి. పైన్ చెట్టు కింద బండి దిగినవాళ్ళు సొస్నోవ్కా అని పెట్టుకున్నారు. మా జిల్లాలో అవి నాలుగే కాబట్టి వాళ్ళని మేము కాస్త చిన్నచూపు చూస్తాం.

ఆ తర్వాత సోవియట్ ప్రభుత్వం వచ్చి, ఇంకా ఏమైనా తేడాలు మిగిలి ఉంటే వాటిని కూడా సరిచేసింది. ఐదు ఊళ్ళకీ తలా ఒక లెనిన్ వీధి, ఒక విజయ మైదానం, "రస్సీయా" అనే పేరుతో ఒక సాంస్కృతిక భవనం, వెండిరంగు వేసిన ఒక లెనిన్ విగ్రహం ఇచ్చింది. విగ్రహాలన్నీ ఒకే అచ్చులో పోసినవి. అందరూ చెయ్యి చాచి ముందుకు చూపిస్తుంటారు. మా ఊళ్ళో ఆ చెయ్యి చూపించిన వైపు ఏరు ఉంది. మిగతా ఊళ్ళలో ఎక్కువగా సారా దుకాణం ఉంది.

నేను మా ఊరి సాంస్కృతిక భవనానికి డైరెక్టరుని. పేరు సవ్వా ఇల్యిచ్. అకార్డియన్ వాయిస్తాను, పదకొండు మంది ఆడవాళ్ళున్న బృందగానాన్ని నడిపిస్తాను, భవనం పొయ్యిలో కట్టెలు కూడా నేనే వేస్తాను. ప్రభుత్వం చేసే మంచి పనులన్నిటికీ పాట రూపంలో కృతజ్ఞత చెప్పే బాధ్యత నా మీదే ఉంది కనుక ఈ విషయాలు నాకన్నా బాగా తెలిసినవాళ్ళు జిల్లాలో లేరు.

ఒకే పేరు వల్ల ఇబ్బందులు లేవా అంటే, పెద్దగా లేవు. ఒకసారి మా ఊళ్ళో ఒక ముసలాయనకి గుండె పట్టేస్తే అంబులెన్సుకి ఫోను చేశాం. బెర్యోజోవ్కా, లెనిన్ వీధి, పన్నెండో నంబరు. బండి వెంటనే బయలుదేరి పొలాల మధ్య ఉండే బెర్యోజోవ్కాకి వెళ్ళింది. అక్కడి పన్నెండో నంబరులోనూ ఒక ముసలాయన ఉన్నాడు. నేను పిలవలేదు బాబూ అని ఆయన మొత్తుకున్నా వినకుండా రక్తపోటు చూశారు. ఉండవలసిన దానికన్నా ఎక్కువే ఉంది. ఎక్కించుకుని తీసుకుపోయారు. ఆయన పూర్తి ఆరోగ్యంతో తిరిగొచ్చి మా ఊరికి ఊరబెట్టిన పుట్టగొడుగుల జాడీ పంపించాడు. మా ముసలాయన ఆ కోపంలో తనంతట తనే లేచి కూర్చున్నాడు. ఇద్దరు రోగులకి ఒకే బండితో వైద్యం చేసిన ఘనత మా జిల్లాకే దక్కింది.

మాలో మేము ఏటి బెర్యోజోవ్కా, పొలాల బెర్యోజోవ్కా, సరస్సు బెర్యోజోవ్కా అని పిలుచుకుంటాం. మిగిలిన రెండింటి జోలి ఈ కథకి అక్కర్లేదు. అయితే ఈ ముద్దుపేర్లని ప్రభుత్వం గుర్తించదు. ప్రభుత్వం దృష్టిలో బెర్యోజోవ్కా అంటే బెర్యోజోవ్కా.

మాది ఏటి ఒడ్డు. ఏటికి అవతల జిల్లా కేంద్రం, ఆస్పత్రి, ప్రసూతి వార్డు, దుకాణాలు, నాగరికత ఉన్నాయి. ఇవతల మేమున్నాం. వేసవిలో పంటు మీద దాటుతాం. చలికాలంలో ఏరు గడ్డకట్టి రోడ్డు అవుతుంది, లారీలే నడుస్తాయి. గొడవంతా రెండుసార్లు వస్తుంది. శీతాకాలం ముందు మంచు పలచగా పట్టినప్పుడు, వసంతంలో ఆ మంచు విరిగి పెళ్ళలు పెళ్ళలుగా కొట్టుకుపోయేటప్పుడు. ఆ రోజుల్లో పడవా వెళ్ళదు, మనిషీ వెళ్ళడు. పాత చెక్క వంతెన ఒకటి ఉండేది. ఒక వసంతంలో మంచుతోపాటు సముద్రం చూడ్డానికి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు.

వంతెన కోసం చెప్పులరిగేలా తిరిగిన మనిషి ఫయీనా ప్రొఖోరొవ్నా. మా ఊరి ఆరోగ్యకేంద్రంలో సూదులు వేసేది, కట్లు కట్టేది, తాగినవాళ్ళని తిట్టేది ఆవిడే. నిజం చెప్పడంలో మొహమాటం లేని మనిషి. నీ అకార్డియన్ శ్రుతి తప్పింది సవ్వా అని పదిమందిలో చెప్పగల ధైర్యం ఈ ఊళ్ళో ఆవిడకి ఒక్కదానికే ఉంది. జిల్లా ఆఫీసు నడవాలో ఏళ్ళ తరబడి కూర్చుని, అక్కడి బల్లని అరగదీసి, చివరికి వంతెన మంజూరు చేయించింది. అదే వేసవిలో ఆవిడ కూతురు తైసియా నీళ్ళోసుకుంది. లెక్క వేసుకుంటే కాన్పు ఏప్రిల్లో. అంటే సరిగ్గా ఏరు విరిగే కాలం. తైసియాకి మొదటి కాన్పు కోతతో జరిగింది. రెండోది ఆస్పత్రిలో తప్ప ఎక్కడా జరగకూడదని, ఇంట్లో నొప్పులు పడితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు. అల్లుడు ఉత్తరాన గ్యాసు బావుల దగ్గర పనిలో ఉన్నాడు. అయినా ఫయీనా నిశ్చింతగానే ఉంది. ఏప్రిల్‌కల్లా వంతెన వచ్చేస్తుంది కదా.

వేసవి అంతా మేము ఒడ్డుకి వెళ్ళి చూశాం. ఒక్క కర్రా కనబడలేదు. జిల్లా పాలనాధికారి వెనియామిన్ అర్కాదియెవిచ్ స్తుప్కిన్‌ని అడిగితే పనులు శరవేగంగా సాగుతున్నాయన్నారు. మాకేమీ కనబడటం లేదంటే, నది ఒడ్డున నిలబడి చూస్తే మొత్తం పురోగతి కనబడదని, దానికి విశాల దృష్టి కావాలని చెప్పారు. సెప్టెంబరులో జిల్లా పత్రికలో ఫొటో పడింది. ఆకుపచ్చ వంతెన, దాని కింద ఎండుగడ్డి, గడ్డిలో ఒక ఆవు. ఫొటో కింద "బెర్యోజోవ్కా ప్రజల చిరకాల స్వప్నం సాకారం" అని వేశారు. ఆవు కూడా సంతృప్తిగానే కనిపించింది.

వంతెనని పొలాల బెర్యోజోవ్కాలో కట్టారు. ఆ ఊళ్ళో ఏరు లేదు, కాలువ లేదు, వానాకాలంలో తప్ప గుంటలో నీళ్ళు కూడా ఉండవు. కట్టడానికి వచ్చిన మేస్త్రీలు పాపం రెండు రోజులు ఏరు కోసం వెతికారట. దొరక్కపోయేసరికి వెడల్పు అందాజుగా వేసుకుని మొదలుపెట్టేశారు. ఒక గడ్డిబీడు నుంచి ఇంకో గడ్డిబీడుకి అంత బలమైన వంతెన మా దేశంలో మరోటి ఉండదని నా నమ్మకం.

అక్టోబరులో ప్రారంభోత్సవం. ప్రాంతీయ ప్రభుత్వం నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు. మా బృందగానాన్ని వెంటబెట్టుకుని రమ్మని నాకు ఆదేశం వచ్చింది. వంతెన పొందిన ప్రజల తరఫున మేము పాడాలి, బెర్యోజోవ్కా మహిళ ఒకరు మా స్వాగత ఆచారం ప్రకారం రొట్టె, ఉప్పు అందించి కృతజ్ఞత చెప్పాలి. వంతెన మా ఊళ్ళో లేదు కదా, మేమెందుకు అని అడిగాను. పొలాల బెర్యోజోవ్కాలో పాటకత్తెలు లేరు, పత్రాల ప్రకారం ఊరు ఒకటే, వాదన ఎందుకు అన్నారు. వాదన ఎందుకని నాకూ అనిపించింది. పంటు మీద ఏరు దాటి, బస్సెక్కి, మా వంతెన చూడ్డానికి పక్క ఊరికి వెళ్ళాం.

రొట్టె పట్టుకునే పని ఫయీనాకి అప్పగించింది నేనే. నిలువెత్తు మనిషి, ఎర్ర సరఫాన్ గౌను తొడిగితే కళగా ఉంటుందని. బస్సులో దారి పొడుగునా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చి ఉండవలసింది.

పొలాల బెర్యోజోవ్కా వాళ్ళు వంతెన కింద గడ్డి ఎండిపోయిందని దానికి ఆకుపచ్చ రంగు వేశారు. పెద్దమనుషులు వచ్చినప్పుడు గడ్డికి రంగు వేయడం మా ప్రాంతంలో మామూలు మర్యాద. ఇంటికి చుట్టాలొస్తే మంచం మీద దుప్పటి మార్చమా, ఇదీ అంతే. ముందుగా స్తుప్కిన్ ప్రసంగించారు. ఆయన గొంతులో గాద్గద్యం నేను ఎన్నోసార్లు విన్నాను కానీ ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

"మిత్రులారా, వంతెన అంటే రెండు ఒడ్లని కలిపేది. ఒడ్లు లేకపోయినా కలపడం ఆపనిదే అసలైన వంతెన. కిట్టనివాళ్ళు ఏరు ఎక్కడని అడుగుతున్నారు. ఈరోజు లేకపోవచ్చు. వాతావరణం మారుతోంది, రేపు రాదని ఎవరు చెప్పగలరు? వచ్చిననాడు ఈ బెర్యోజోవ్కా సిద్ధంగా ఉంటుంది."

చప్పట్లు మోగాయి. పెద్దాయన రిబ్బను కత్తిరించారు. ఫయీనా రొట్టె పట్టుకుని ముందుకి వెళ్ళింది. ఆవిడ చెప్పవలసిన నాలుగు వాక్యాలు నేనే రాసిచ్చాను. వాటిలో ఒక్కటీ చెప్పలేదు.

"అయ్యా, ఇది మా ఊరు కాదు," అంది. "వంతెన మంజూరైంది ఏటి ఒడ్డు బెర్యోజోవ్కాకి. నా కూతురికి ఏప్రిల్లో నెలలు నిండుతాయి. అప్పుడు ఏరు విరుగుతుంది. ఆస్పత్రి అవతల ఉంది. మీరు కత్తిరించారు కదా, ఆ రిబ్బను మా ఏటి మీద ఉండాలండీ."

పెద్దాయన అక్కడున్నవాళ్ళలో తెలివైన మనిషి కాబట్టి రొట్టె ముక్క తుంచి, ఉప్పులో అద్ది, నెమ్మదిగా నమిలి మింగి, ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు. "తల్లీ, ఇంత పెద్ద దేశంలో మీ ఊరు, వాళ్ళ ఊరు ఏమిటి? అంతా మనదే," అన్నారు. ముందుగా చప్పట్లు మొదలుపెట్టింది పొలాల బెర్యోజోవ్కా వాళ్ళు. చాలా గట్టిగా, చాలా సేపు కొట్టారు. మధ్యలో ఫయీనా ఇంకేదో అంటూనే ఉంది కానీ పెదవులు కదలడం తప్ప ఏమీ వినబడలేదు. స్తుప్కిన్ నా వైపు చూశారు. నేను అకార్డియన్ తెరిచాను. మా ఆడవాళ్ళు బాగా పాడారు, ముఖ్యంగా రెండో చరణం.

వంతెన వృథా పోయిందని మాత్రం అనడానికి లేదు. మా దేశంలో పెళ్ళయిన వెంటనే వరుడు వధువుని ఎత్తుకుని వంతెన దాటాలి, కటకటాలకి ఒక తాళంకప్ప వేసి తాళంచెవిని ఏట్లోకి విసిరేయాలి. అప్పుడే కాపురం నిలుస్తుందని నమ్మకం. పట్నంలో వంతెన మీద లారీల మధ్య ఈ పని చేయడం కష్టం. పొలాల బెర్యోజోవ్కా వంతెన మీద లారీలు లేవు, జారితే పెళ్ళికూతురు గడ్డిలో పడుతుంది. దాంతో జిల్లాలో పెళ్ళిళ్ళన్నీ అక్కడికే తరలిపోయాయి. తాళంచెవులు గడ్డిలోకి విసురుతున్నారు. ఒకరిద్దరు పెళ్ళికొడుకులు మరుసటి వారం వచ్చి వెతుక్కున్నారని, ఒకరికి దొరికిందని కూడా విన్నాం. ఏట్లో పడితే ఆ సౌకర్యం ఉండేది కాదు.

ఫయీనా ఊరుకోలేదు. మళ్ళీ జిల్లా ఆఫీసు నడవాలో బల్ల మీద కూర్చుంది. ఆ బల్ల మీద ఆవిడకి పాత నేస్తం ఒకావిడ ఉంది, సరస్సు బెర్యోజోవ్కా నుంచి వచ్చే గ్లఫీరా సెమ్యోనొవ్నా. వాళ్ళది సరస్సుకి అవతల ఒడ్డు. మాలాగే వాళ్ళకీ ఏడాదికి రెండుసార్లు దారి మూసుకుపోతుంది. ఆవిడ గాలిపడవ కోసం తిరుగుతోంది. నీటి మీదైనా పలచటి మంచు మీదైనా కింద గాలి నింపుకుని జారిపోయే యంత్రం అది. ఇద్దరూ ఏళ్ళుగా ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుంటూ, ఒకరి పిరోగీలు, అంటే లోపల కూరిన బన్నులు, ఒకరు తింటూ, తమ పిలుపు కోసం కలిసి ఎదురుచూసేవాళ్ళు. కన్నబిడ్డల కష్టాలు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. మీ వంతెన అలా అయిపోయిందా అని గ్లఫీరా ఆ బల్ల మీదే కన్నీళ్ళు పెట్టుకుందట.

ఫయీనా పోరు పడలేక నవంబరులో ఒక తనిఖీ అధికారిని పంపించారు. ఆయన వచ్చేసరికి ఏటి మీద మంచు పలచగా పట్టింది, దాటడానికి వీల్లేదు. అవతల ఒడ్డునే నిలబడి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, వంతెన బాగా పనిచేస్తోందా అని కేకేశారు. వంతెన లేదని మేము కేకేశాం. ఏమిటీ అన్నారు. లేదు, లేదు అని ఊరంతా కలిసి అరిచాం. మరైతే నేను అక్కడికి ఎలా రావడం అని అడిగారు. అదే మేమూ అడుగుతున్నాం అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, కాళ్ళు చల్లబడుతుంటే కారెక్కి వెళ్ళిపోయారు. వినియోగదారులతో ప్రత్యక్షంగా మాట్లాడి సంతృప్తి చెందినట్టు ఆయన నివేదిక రాశారని తర్వాత తెలిసింది.

దాని పర్యవసానంగా స్తుప్కిన్ ఒక శాశ్వత పరిష్కారం సూచించారు. వంతెన ఉన్నది బెర్యోజోవ్కాలో కనుక వంతెన లేని ఊరు బెర్యోజోవ్కా అయ్యే అవకాశం లేదు. మేము కొత్త పేరు పెట్టుకుంటే కొత్త ఊరుగా మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. సాంస్కృతిక భవనంలో సభ పెట్టాం. ఫయీనా లేచి ఏ పేరైనా సరే, వంతెన వస్తే చాలంది. నవజీవనం అని అర్థమొచ్చే పేరు ఒకరు చెప్పారు. జిల్లాలో అలాంటివి మూడున్నాయి. శాంతి అని ఇంకొకరన్నారు. శాంతులు రెండున్నాయి, వాటి మధ్య పచ్చిక కోసం తగాదా నడుస్తోంది. చివరికి పెద్దవాళ్ళు లేచి, తాతముత్తాతలు పెట్టిన పేరు మార్చుకునేంత ఖర్మ మాకేం పట్టింది, మిగతా నాలుగు ఊళ్ళనీ మార్చుకోమనండి అన్నారు. అదే ఏకగ్రీవంగా తీర్మానించాం. మిగతా నాలుగు ఊళ్ళలోనూ అదే వారం సభలు జరిగాయి, అక్కడా తీర్మానాలు ఏకగ్రీవమే. జిల్లాలో ఇంతటి ఐకమత్యం నేను మునుపెన్నడూ చూడలేదు.

చలికాలం గడిచింది. తైసియాని ముందుగానే ఆస్పత్రిలో చేర్చుకోమని ఫయీనా బతిమాలింది. రోజులు దగ్గరపడకుండా మంచం ఇవ్వడం కుదరదన్నారు. పట్నంలో దిగడానికి చుట్టాలు లేరు. ఏప్రిల్ మొదటి వారంలో, మంచు ఇంకా గట్టిగా ఉండగానే దాటించేద్దామని అనుకున్నారు. ఆ ఏడు ఎండలు ముందొచ్చాయి. మార్చి చివరికే ఏటి మీద నీళ్ళు నిలిచి, మంచు నల్లబడింది. ఆస్పత్రివాళ్ళు మాత్రం ఇంకా టైముందన్నారు. ఫయీనా పొద్దున్నా సాయంత్రం ఒడ్డుకి వెళ్ళి కర్రతో మంచుని పొడిచి చూసి వచ్చేది. మనిషి సగమైపోయింది. తాగినవాళ్ళని తిట్టడం కూడా మానేసింది. అది చూసి తాగేవాళ్ళకే భయమేసి కొన్నాళ్ళు మానేశారు.

అలాంటి రోజుల్లో, మంచు రోడ్డు మూసేయడానికి ఒక పూట ముందు, అవతలి ఒడ్డు నుంచి ఒక లారీ మూలుగుతూ ఏరు దాటి మా ఊళ్ళోకి వచ్చింది. దాని మీద నారింజరంగు గాలిపడవ ఉంది. పక్కన ఎర్ర శిలువ, వెనక పెద్ద పంకా, లోపల పడుకోబెట్టి తీసుకెళ్ళడానికి ఒక మంచం.

లారీ డ్రైవరు గెన్నాదీ కిందికి దిగి విగ్రహాన్ని చూశాడు, సాంస్కృతిక భవనాన్ని చూశాడు. ఊరంతా చుట్టూ మూగింది. వైద్య పరికరం కాబట్టి ఫయీనానే పిలిపించాం. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పడవని చూసి ఆగిపోయింది. అది ఎవరి పడవో ఈ భూమ్మీద గ్లఫీరా తర్వాత అంత బాగా తెలిసిన మనిషి ఆవిడే.

"పిన్నీ, ఇదేనా బెర్యోజోవ్కా?" అన్నాడు గెన్నాదీ.

"ఇదే."

"లెనిన్ వీధి?"

"నువ్వు నిలబడ్డదే."

"సరస్సు ఒడ్డు అని చెప్పారు మరి. సరస్సేదీ?"

నేను ఆవిడ మొహం వంకే చూస్తున్నాను. నిజం తప్ప ఇంకోటి చెప్పని మనిషి. తైసియా కంచె దగ్గర నిలబడి ఉంది, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని, వాచిన కాళ్ళకి తండ్రి ఫెల్ట్ బూట్లు తొడుక్కుని.

"ఇంకో వారం ఆగి చూడు," అంది ఫయీనా. "ఈ పచ్చికంతా సరస్సే."

అది కూడా నిజమే. వరదొస్తే మా పచ్చిక నిండా నీళ్ళు నిలుస్తాయి. అబద్ధం ఆడిందని ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. గెన్నాదీకి మంచు విరక్కుండా తిరిగి దాటాలన్న తొందర ఉంది. మేమంతా తలా ఒక చెయ్యి వేసి పడవని దించి, అతన్ని వేడి సూపుతో సాగనంపాం. జిల్లాకి ఫోను చేసి పడవ బెర్యోజోవ్కాకి క్షేమంగా చేరిందని చెప్పాను. స్తుప్కిన్ చాలా ఆనందించారు. ఏదైనా సరైన చిరునామాకి చేరిందంటే మా జిల్లాలో ఆనందించవలసిన విషయమే.

ఏరు విరిగిన రోజున తైసియాకి నొప్పులొచ్చాయి. ట్రాక్టరు తోలే పఖోమ్ అప్పటికి ఊళ్ళో కుక్కల్ని తరుముతూ పడవ నడపడం రెండు రోజులు సాధన చేసి ఉన్నాడు. ఇంటంతేసి మంచు పెళ్ళలు ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే, ఆ నారింజరంగు యంత్రం గుండెలు అదిరే చప్పుడు చేస్తూ వాటి మీదుగా ఎగిరెగిరి అవతల ఒడ్డు చేరింది. ఊరంతా ఒడ్డున నిలబడి ఏడ్చాం. నేనూ ఏడ్చాను, ఇందులో దాచేదేమీ లేదు. ఆ సాయంత్రమే ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ క్షేమమని కబురొచ్చింది. ఇంకో గంట ఆలస్యమైతే తమ చేతుల్లో ఉండేది కాదని డాక్టర్లు అన్నారట. మూడు రోజులు పండగ చేసుకున్నాం. తాగడం మానేసినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు.

గాలిపడవ అధికారిక ప్రారంభోత్సవం మే నెలలో పెట్టారు. అదే పెద్దాయన, అదే స్తుప్కిన్. పచ్చికకి రంగు మేమే వేశాం. పడవ పొందిన ప్రజల తరఫున కృతజ్ఞత చెప్పడానికి ఈసారి సరస్సు బెర్యోజోవ్కా బృందగానాన్ని రప్పించారు. మా వాళ్ళకి పడిశం పట్టిందని నేనే చెప్పాను, మా పాటలు పెద్దాయన అక్టోబరులోనే వినేశారు కదా. పంటు ఇంకా దించలేదు కాబట్టి వాళ్ళందరినీ అవతలి ఒడ్డు నుంచి గాలిపడవలోనే తీసుకొచ్చాం. రొట్టె పట్టుకుని ముందు దిగిన మనిషి గ్లఫీరా. దిగుతూ పడవ అంచుని ఒకసారి చేత్తో తడిమింది.

సభకి ముందు ఫయీనా ఆవిడని ఇంటికి తీసుకెళ్ళి టీ పోసింది. నేను రొట్టెకి కట్టే తువాలు కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను. ఉయ్యాల్లో పిల్ల నిద్రపోతోంది. గ్లఫీరా దాన్ని చాలా సేపు చూసి, మొహం తల్లిదే అంది. తర్వాత కప్పు కింద పెట్టింది.

"ఫయా, మా చిన్నదానికి మూడో నెల."

"ఎప్పటికి?"

"నవంబరు. సరస్సు మీద మంచు అప్పుడే పడుతూ ఉంటుంది. నీకు చెప్పేదేముంది."

ఫయీనా సమోవార్ కుళాయి కట్టేసి ఉన్నా మళ్ళీ ఒకసారి తిప్పి చూసింది. "నవంబరు దాకా చాలా టైముంది గ్లాషా," అంది. "ముందే పట్నం తీసుకెళ్ళి దింపెయ్యి."

"ముందుగా చేర్చుకోరు. ఇద్దరం కలిసే అడిగాం కదే, ఆ బల్ల మీద కూర్చుని."

ఫయీనా రెండో పిరోగీ ఆవిడ పళ్ళెంలో వేసింది. మమ్మల్ని తొందరపెట్టడానికి స్తుప్కిన్ డ్రైవరు కిటికీ కొట్టాడు.

సభ దివ్యంగా జరిగింది. పడవ అంటే నీటిని జయించేదని, ఇకపై ఏ బెర్యోజోవ్కా తల్లీ భయపడవలసిన పని లేదని స్తుప్కిన్ సెలవిచ్చారు. తైసియానీ పిల్లనీ వేదిక మీదకి పిలుద్దామనుకున్నారు కానీ పిల్ల అప్పటికి ముందు వరసలో అమ్మమ్మ ఒళ్ళో నిద్రపోతోంది. పెద్దాయన రిబ్బను కత్తిరించారు. గ్లఫీరా రొట్టె పట్టుకుని ఆయన ముందుకి వెళ్ళింది. ఆవిడకి రాసిచ్చిన వాక్యాలు కూడా నాలుగే. ఆవిడ వాటి జోలికి పోలేదు. పెద్దాయన వంక చూసి, తర్వాత ఫయీనా వంక చూసి, నోరు తెరిచింది.

"అయ్యా, ఈ పడవ..."

ఫయీనా ఒళ్ళో ఉన్న పిల్లని గబుక్కున తైసియా చేతుల్లో పెట్టి, లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆవిడ వెనక ఊరంతా లేచింది. చాలా గట్టిగా, చాలా సేపు కొట్టాం. గ్లఫీరా పెదవులు ఇంకా కదులుతున్నాయి. నేను అకార్డియన్ తెరిచాను.

వాళ్ళ పాట కూడా బాగానే ఉంది. సభ అయ్యాక అందరికీ చేప పిరోగీలు పెట్టి, మా పడవలోనే అవతలి ఒడ్డుకి దింపి వచ్చాం. దిగేటప్పుడు గ్లఫీరా వెనక్కి తిరిగి, శ్రమ అనుకోకుండా దాటించినందుకు మాకు కృతజ్ఞతలు చెప్పింది. ఎంతో మర్యాద తెలిసిన మనిషి.